బెంచీ పుస్తకంలో పేరు

మా స్కూలు బోర్డు మీటింగుల్లో మినిట్స్ రాసే పని నాది. పగలంతా స్కూలు ముందరి ఆఫీసులో కూర్చుంటాను. నెలకోసారి, రెండో మంగళవారం సాయంత్రం, పిల్లల భోజనాల హాల్లో బోర్డు సభ్యుల పక్కన ఒక చిన్న మేజా దగ్గర కూర్చుని ఎవరు లేచారు, దేని గురించి మాట్లాడారు అని రాస్తాను. ఏం మాట్లాడారో మాత్రం రాయను. అది రూలు. మనిషి పేరు, అంశం నంబరు, అంతే. ఏడ్చినా, అరిచినా, మైకు మీద గుద్దినా నా కాగితంలో ఒక్కటే వరుస. పన్నెండేళ్ళుగా ఇలాగే రాస్తున్నాను. మనుషుల కోపాలకు ఒక వరుస కన్నా ఎక్కువ దేనికని అనుకునేదాన్ని కూడా.

ఈ ఏడు గొడవంతా ముప్ఫై పేజీల పుస్తకం ఒకదాని గురించి. స్కూలు సిబ్బందికి, అంటే టీచర్లకీ, బస్సు డ్రైవర్లకీ, వంటవాళ్ళకీ, నాకూ, జాతి వివక్ష గురించి శిక్షణ ఇవ్వాలని బోర్డు కిందటేడు తీర్మానించింది. దానికి పాఠాలు తయారుచేయడానికి ఒక కమిటీ. కమిటీలో నల్లవాళ్ళు ఒకరైనా ఉండాలి కదా అని వెతికారు. మా స్కూలు సిబ్బందిలో నల్లవాళ్ళం ఇద్దరమే: నేను, బాయిలరు చూసే ఓటిస్. ఓటిస్‌ని అడిగితే తనకు మోకాళ్ళ నొప్పులన్నాడు. మోకాళ్ళకీ కమిటీకీ ఏం సంబంధమయ్యా అని ఒక్కరూ అడగలేదు. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి, ఖర్మ, నన్ను వేశారు.

పుస్తకం ముందు సగమంతా మంచి మాటలు. చదువుతుంటే నాకే ఆవలింతలొచ్చాయి. వెనక సగంలో పది ఉదాహరణలున్నాయి. పేర్లు తీసేసి, ఏ స్కూలో చెప్పకుండా, నిజంగా జరిగినవి రాయాలన్నారు. కమిటీ పెద్ద మిస్ అడైర్, కుర్రపిల్ల, పట్నం నుంచి వచ్చింది. "మీకు అనుభవాలు చాలా ఉండే ఉంటాయి కదా, మిసెస్ కోల్బర్ట్?" అని జాలిగా మొహం పెట్టి అడిగింది. ఆ మొహం చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఏమీ లేవమ్మా అందామనుకున్నాను. ఇంటికెళ్ళి మాత్రం ఒక కాగితం మీద ఎనిమిది వాక్యాలు రాసి మర్నాడు ఇచ్చేశాను. అదే ఏడో ఉదాహరణ అయింది.

అందులో ఉన్నది ఇంతే. మూడో తరగతిలో పాఠం జరుగుతుండగా ఇద్దరు ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. తెల్లపిల్లని టీచరు వెళ్ళి నీళ్ళు తాగి రమ్మంది. నల్లపిల్లని బయట నిలబడమంది. "నవ్వింది నేనొక్కదాన్నే కాదు టీచర్," అంది ఆ పిల్ల. దాంతో టీచరు గులాబీ రంగు చీటీ రాసి ఆఫీసుకు పంపింది. కారణం అన్న చోట 'పొగరు' అని రాసింది. పిల్ల నలభై నిమిషాలు ఆఫీసు బెంచీ మీద కూర్చుంది. ఆఫీసు ఉద్యోగిని చీటీ తీసుకుని పిల్ల పేరు పుస్తకంలో ఎక్కించింది, నోరు మెదపలేదు. కింద ఒక ప్రశ్న: ఇక్కడ ఎవరెవరు ఏం చేసి ఉండాల్సింది?

ఆ పిల్ల నా కూతురు డెజరే. పంతొమ్మిదేళ్ళ కిందటి మాట. ఆ టీచరు విన్నీ కోవాలిక్. ఆ ఆఫీసు ఉద్యోగినిని నేను.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఐదు నెలలు. లోపలి గదిలో ప్రిన్సిపాల్, తలుపు బార్లా తీసి ఉంది. డెజరే చీటీ పట్టుకుని వచ్చి "అమ్మా" అనబోయింది. "బెంచీ మీద కూర్చో, నిటారుగా కూర్చో. నా వైపు చూడకు," అన్నాను. సొంత పిల్లని వెనకేసుకొస్తోందని ఎవరైనా అంటారేమోనని నా భయం. పిల్లకి ఎనిమిదేళ్ళు. ఒక్కసారి చూసి తల తిప్పేసుకుంది. బెంచీ మీదికి పంపినవాళ్ళని ఎక్కించే బెంచీ పుస్తకంలో, మిగతా పిల్లలకి ఎలా రాస్తానో అలాగే పేరు, తరగతి, వచ్చిన టైము, కారణం రాశాను. ఆ సాయంత్రం ఇంటికెళ్ళాక టీచరుకి ఎదురు చెప్తావా అని నేనే మళ్ళీ దాన్ని తిట్టాను. ఆ సంగతి ఏడో ఉదాహరణలో రాయలేదు.

ఇక విన్నీ. విన్నీ చెడ్డ మనిషయితే నాకు ఈ కథతో పనే లేకపోయేది. ఆ మరుసటేడు నుంచి ఆమే నేనూ వెనక గదిలో కలిసి మధ్యాహ్నం భోజనం చేస్తున్నాం. శుక్రవారాలు వాళ్ళమ్మ నేర్పిన పియెరోగీలు, ఆలుగడ్డ ముద్ద కూరి ఉడకబెట్టినవి, తెస్తుంది, నాకని వేరే డబ్బాలో. మా ఆయన రోలాండ్ పోయే ముందు పదకొండు వారాలు నన్ను ఆసుపత్రికి తన కారులో దింపింది, ఒక్క రోజూ మానలేదు. వచ్చే జూన్‌లో రిటైరవుతోంది. ఆ బెంచీ సంగతి ఆమెతో ఎప్పుడూ ఎత్తలేదు. మొదట్లో ధైర్యం లేక ఎత్తలేదు. తర్వాత, ఇప్పుడెందుకులే అని ఊరుకున్నాను.

పుస్తకం ముసాయిదా సెప్టెంబరులో అందరికీ పంచారు. ఊరు రెండుగా చీలింది. ఫోన్లు, ఈమెయిళ్ళు, ఆఫీసు కిటికీ దగ్గర అరుపులు, తల ప్రాణం తోకకొచ్చింది. మా పిల్లల టీచర్లకి సిగ్గుపడడం నేర్పుతారా అని కొందరు, ఈ ముప్ఫై పేజీలు ఏ మూలకి సరిపోతాయని కొందరు. రెండు రకాలవాళ్ళూ నన్నే తిట్టారు, ఎందుకంటే ఫోనెత్తేది నేనే.

మీటింగుకి వారం ముందు విన్నీ భోజనాల దగ్గర ఆ పుస్తకం తీసింది. పక్కన పచ్చ సిరాతో గీతలు కూడా గీసుకుంది, పిల్లల కాపీలు దిద్దినట్టు.

"చూడవే ఎర్నీ, మిగతావి సరే, ఒప్పుకుంటాను. రెండోది మన బస్సుల్లో జరిగిందే. ఈ ఏడోది చూశావా? ఇది మాత్రం అబద్ధం."

నా చేతిలో గుడ్డు శాండ్‌విచ్ ఉంది. కొరికిన ముక్క నోట్లోనే ఉండిపోయింది.

"ఎందుకని?" అన్నాను.

"ఎందుకనేంటి! ఏ టీచరైనా అలా చేస్తుందా? ఇద్దరు నవ్వితే ఒకదానికి నీళ్ళు, ఒకదానికి చీటీనా? అంత కళ్ళు మూసుకుపోయిన మనిషి మన స్కూల్లో ఎవరుందీ? పట్నంలో ఎవరో కూర్చుని అల్లి ఉంటారు. ఇలాంటిది పెట్టారనుకో, మిగతా తొమ్మిదీ ఎవడూ నమ్మడు. మంగళవారం నేను లేచి చెప్తాను చూడు."

"అంత పట్టింపు దేనికి, విన్నీ?"

"ముప్ఫై నాలుగేళ్ళు చెప్పానే పాఠాలు! వెళ్ళేముందు ఈ మచ్చ మోసుకుని వెళ్ళమంటావా?" అంది. అని, నా డబ్బాలో ఇంకో పియెరోగీ వేసింది.

చెప్పొచ్చు కదా అంటారు మీరు. ఏమని చెప్పను? ఆమె నటించడంలేదు. మొహంలోకి చూశాను, ఎంత వెతికినా అక్కడేమీ లేదు. ఆమె వరకు ఆ రోజు అసలు జరగనే లేదు. నేను పంతొమ్మిదేళ్ళు మోసిన రోజు ఆమె సాయంత్రానికే మర్చిపోయింది. అది తెలిసి నాకు కోపం రావాల్సింది. నీరసం వచ్చింది.

ఆదివారం డెజరే ఫోన్ చేసింది. ఈరీ అనే ఊళ్ళో ఒక పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. ఎవరో స్నేహితురాలు మా స్కూలు వెబ్‌సైటులో పుస్తకం చూసి దానికి పంపించిందట.

"అమ్మా, ఏడో నంబరు నేనేనా?"

"ఊఁ."

వెనకాల వాళ్ళ కుళాయి నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

"ఇందులో 'ఆఫీసు ఉద్యోగిని' అని రాశావు."

"పేర్లు రాయొద్దన్నారు తల్లీ."

"పేరు కాదమ్మా నేనడిగేది. ఉద్యోగిని అని రాశావు. తల్లి అని రాయలేదు."

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను. డెజరేనే మళ్ళీ అడిగింది.

"తీసేస్తారటగా దాన్ని?"

"కొందరు తీసేయమంటున్నారు. రుజువేదీ అంటున్నారు."

"రుజువు నువ్వే కదమ్మా! అప్పుడు నా పేరు పుస్తకంలో ఎక్కించావు, నోరెత్తలేదు. ఇప్పుడు వాళ్ళు తీసేస్తుంటే అక్కడే కూర్చుని దాన్నీ రాస్తావా?"

"అక్కడ మాట్లాడాలంటే విన్నీ పేరు చెప్పినట్టేనే. ఊరందరి ముందూ. ఇంకో ఎనిమిది నెలల్లో రిటైరవుతుంది పాపం."

"పాపమే," అంది డెజరే. కోపంగా అనలేదు. అలసిపోయినట్టు అంది, నాలాగే. "నీ ఇష్టం అమ్మా. నేను చెయ్యమనను, వద్దనను," అని ఫోన్ పెట్టేసింది.

మంగళవారం వచ్చింది. భోజనాల హాల్లో చిన్నపిల్లల కుర్చీలు తీసేసి మడత కుర్చీలు వేశాం, అవీ చాలక గోడల వెంట నిలబడ్డారు. ఎదురెదురు వరుసల్లో రెండు పక్షాలు. ఒకళ్ళ చేతుల్లో ఒక రంగు అట్టలు, ఇంకొకళ్ళ చేతుల్లో ఇంకో రంగు. బోర్డు అధ్యక్షుడు లీలండ్ గ్రాఫ్, సైకిళ్ళ కొట్టు ఆయన, మెత్తటి మనిషి. మొదలెట్టక ముందే జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

మాట్లాడదల్చుకున్నవాళ్ళు పేరు, ఊళ్ళో చిరునామా ఒక కార్డు మీద రాసి నా పెట్టెలో వెయ్యాలి. నేను దానిమీద టైము ముద్ర గుద్దుతాను. ఆఖరి మనిషి మైకు దగ్గర్నుంచి దిగేదాకా కార్డులు తీసుకుంటాను. ఒక్కొక్కళ్ళకి మూడు నిమిషాలు. నా మేజా మీద మూడు దీపాల డబ్బా ఉంటుంది: పచ్చదంటే మాట్లాడు, పసుపంటే ముగించు, ఎర్రదంటే దిగు. ఆ మీట నొక్కేదీ నేనే. ఆ సాయంత్రం నలభై కార్డులొచ్చాయి.

నలభైమంది చెప్పినవీ చెప్పను. మీరు విన్నవే. బ్రెట్ స్టాల్కప్ అనే ఆయన మూడోసారి అదే కాగితం చదివాడు, మా స్కూలు పుస్తకం గురించి కాదది, ఇంకేదో ఊరి పుస్తకం గురించి. ఒకావిడ వాళ్ళబ్బాయి సాక్సఫోన్ గురించి మాట్లాడింది, ఎందుకో నాకిప్పటికీ తెలీదు. ఒక నల్లాయన లేచి, నేను ఈ స్కూల్లోనే చదివాను, ఆ బెంచీకి ఎడంవైపు చివర ఒక మేకు పొడుచుకొచ్చి ఉండేది, ఇప్పటికీ ఉందా అని అడిగి దిగిపోయాడు. ఉంది. తర్వాతవాళ్ళు మళ్ళీ మామూలే.

ముప్ఫై తొమ్మిదో కార్డు విన్నీది. నీలం కోటు వేసుకుంది, పిల్లల వార్షికోత్సవాలకి వేసుకునేది. మైకు తనకి తగ్గట్టు దించుకుంది.

"నేను మీలో సగంమందికి అక్షరాలు దిద్దించాను," అంది. నవ్వారు. "ఈ పుస్తకం ఉండాలనే అంటున్నాను. కాని ఏడో ఉదాహరణ తీసెయ్యండి. అది ఇక్కడ జరగలేదు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఉన్నాను, జరిగితే నాకు తెలియకుండా ఉంటుందా? నా మాట కాదు, అదిగో ఎర్నీ, అక్కడే కూర్చుంది. ఇరవయ్యేళ్ళుగా ఆ ఆఫీసులో ప్రతి చీటీ ఆమె చేతిలోంచే పోయింది. అలాంటిదేదైనా జరిగుంటే నా ఎర్నీ నాకు చెప్పేది. అడగండి ఆమెని!"

హాలు హాలంతా నా వైపు తిరిగింది. నా వేలు మీట మీదే ఉంది.

"మినిట్స్ రాసేవాళ్ళు మాట్లాడకూడదు, మిసెస్ కోవాలిక్," అన్నాడు గ్రాఫ్, బతిమాలినట్టు.

"తెలుసులెండి. మొహం చూస్తే చాలదూ?" అంది విన్నీ, నాకేసి నవ్వుతూ. పసుపు దీపం వెలిగించాను. ఆమె టైము ఇంకా నిమిషం ఉండగానే వెలిగించాను. పన్నెండేళ్ళలో నేను చేసిన తప్పు అదొక్కటే. ఆమె దిగి ముందు వరుసలో కూర్చుంది.

నలభయ్యో కార్డు మాట్లాడుతుండగా బోర్డు లాయరు గ్రాఫ్ వైపు వంగి చెప్పడం నాకు వినిపించింది. "రుజువు లేనిది అచ్చులో ఉంచడం మంచిది కాదు. తీసేస్తే గొడవ సగం తగ్గుతుంది." గ్రాఫ్ తల ఊపాడు. ఆయన మొహంలో రిలీఫ్ కనిపించింది. ఎంత తేలిగ్గా పోతోంది! నోరెత్తేవాళ్ళు లేకపోతే నా బిడ్డ బెంచీ మీద కూర్చోనే లేదు.

ఒక కార్డు తీసుకున్నాను. నా పేరు, చిరునామా రాశాను. టైము ముద్ర గుద్దాను: ఎనిమిదీ పన్నెండు. నలభయ్యో ఆయన దిగాడు. నేను ఎప్పటి గొంతుతోనే పిలిచాను.

"నలభై ఒకటి. ఎర్నెస్టీన్ కోల్బర్ట్."

పొరపాటున నా పేరు నేనే చదివాననుకుని నవ్వారు. నేను లేచేసరికి నవ్వు ఆగింది.

"మిసెస్ కోల్బర్ట్, ఇది... ఇలా చెయ్యొచ్చా?" అన్నాడు గ్రాఫ్.

"నేను ఈ ఊళ్ళోనే ఉంటానండీ. కార్డు వేళకే వచ్చింది. ముద్ర ఉంది చూడండి."

"మరి టైము ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాలే," అని విన్నీ టక్కున లేచి వచ్చి నా కుర్చీలో కూర్చుంది. నేను తన మాట నిజమని చెప్పడానికే వెళ్తున్నాననుకుంది. దారిలో నా చెయ్యి నొక్కింది కూడా. పచ్చ దీపం వెలిగించింది.

నా దగ్గర ఏడో ఉదాహరణ పేజీ ఉంది. ఇంటి దగ్గరే పెన్నుతో ఒక మాట కొట్టేసి పైన ఇంకోటి రాసుకొచ్చాను. మాట్లాడతానని కాదు, ఊరికే, చూసుకోడానికి. అదే చదివాను. ఇద్దరు పిల్లలు నవ్వారు దగ్గర్నుంచి, నీళ్ళు, గులాబీ చీటీ, పొగరు, అన్నీ. కొట్టేసిన మాట దగ్గర వేలు పెట్టుకున్నాను. పైన రాసింది చదివాను.

"ఆ పిల్ల తల్లి చీటీ తీసుకుని, పిల్ల పేరు పుస్తకంలో ఎక్కించింది. నోరు మెదపలేదు."

కాగితం దించేశాను.

"ఆ తల్లిని నేను. పాప పేరు డెజరే. రుజువు అడుగుతున్నారు కదా, బెంచీ పుస్తకం మా ఆఫీసు బీరువాలో ఉంది, ఏ పేజీయో కూడా చెప్తాను. ఆ రాత నాదే. టీచరు చీటీ రాసింది. టీచరుకి గుర్తులేదు. నాకు గుర్తుంది, అయినా ఇన్నేళ్ళు చెప్పలేదు. చెప్పుంటే ఆవిడ ఆ తర్వాత కొందరు పిల్లల విషయంలోనైనా ఒక్క నిమిషం ఆగేదేమో. నా పిల్ల వెనకాల ఆ బెంచీ మీద ఎంతమంది కూర్చున్నారో రాసింది కూడా నేనే. నేను టీచరుని తిట్టడానికి లేవలేదు. కింద ప్రశ్న ఉంది చూడండి, ఎవరెవరు ఏం చేసి ఉండాల్సింది అని. నన్ను అడగండి ఆ ప్రశ్న. అది తీసెయ్యకండి."

టీచరు పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. ఆ ఏడు మూడో తరగతి చెప్పింది ఒక్క విన్నీయే, ఊళ్ళో అందరికీ తెలుసు. నా మేజా వైపు చూశాను. విన్నీ మీట మీద వేలుపెట్టి అలాగే ఉంది. దీపం ఇంకా పచ్చగానే ఉంది. పసుపు ఎప్పుడు వెయ్యాలో ఆమె మర్చిపోయింది.

"టైమ్! టైమయిపోయింది!" అని స్టాల్కప్ అరిచాడు. విన్నీ ఉలిక్కిపడి ఎర్రది నొక్కింది. కోటు సర్దుకుని, నేను వచ్చి కూర్చోకముందే పక్క తలుపులోంచి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత జరిగింది వింటే మీకు నవ్వొస్తుంది. నాకైతే నవ్వే ఓపిక లేదు. లాయరు మళ్ళీ గ్రాఫ్ వైపు వంగాడు. ఇందాక రుజువు లేదు కాబట్టి తీసెయ్యాలన్నాడు. ఇప్పుడు రుజువు దొరికింది, దాంతో ఎవరి గురించో తెలిసిపోయింది, ఉద్యోగుల సొంత విషయాలు శిక్షణ పుస్తకంలో ఉండకూడదు, కాబట్టి తీసెయ్యాలన్నాడు. ఐదుగురు సరేనన్నారు, నలుగురు కాదన్నారు. మిగతా పుస్తకం ఉంటుంది, ఏడోది పోతుంది. ఒక పక్షం పుస్తకం ఉన్నందుకు కోపంగా, ఇంకో పక్షం ఏడోది పోయినందుకు కోపంగా ఇళ్ళకి పోయారు. నేనూ ఓటిస్ కుర్చీలు మడతపెట్టాం.

"మోకాళ్ళెలా ఉన్నాయి?" అని అడిగాను.

"నువ్వు మాట్లాడుతున్నంతసేపూ నిలబడే ఉన్నాను, ఎర్నీ," అన్నాడు. ఓటిస్ అంతకన్నా ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

బుధవారం పొద్దున్న మినిట్స్ టైపు చేశాను. నలభై ఒకటి, ఇ. కోల్బర్ట్, ఆరో అంశం. ఒక్క వరుస. రూలు రూలే. కాని ఇంకో రూలు కూడా ఉంది, నాకంటే బాగా ఎవరికీ తెలీదు. మాట్లాడినవాళ్ళు తాము చెప్పింది కాగితం మీద రాసి, గురువారం ఐదు గంటల్లోపు మినిట్స్ రాసేవాళ్ళ చేతికిస్తే, ఆ కాగితాన్ని మినిట్స్‌కి జతచెయ్యాలి. ఏముందో చూసి ఒప్పుకోడానికో, మార్చడానికో ఎవరికీ హక్కు లేదు, బోర్డుకీ లేదు, లాయరుకీ లేదు. జతచేసింది స్కూలున్నంత కాలం ఉంటుంది. ఏడో ఉదాహరణ పేజీ, నా కొట్టివేతతో, నేనే నా చేతికిచ్చుకున్నాను. 'అందినది' అని ముద్ర గుద్దాను. పుస్తకంలోంచి తీసేశారు, సరే, ఇందులోంచి తియ్యండి చూద్దాం అనుకున్నాను. గెలిచినట్టేమీ అనిపించలేదు, కాళ్ళు లాగుతున్నాయంతే.

మధ్యాహ్నం వెనక గదిలో ఒక్కదాన్నే తిన్నాను.

గురువారం మధ్యాహ్నం విన్నీ ఆఫీసులోకి వచ్చింది. రెండు రోజుల్లో మొహం పీక్కుపోయింది. కిటికీ దగ్గర నిలబడింది, మిగతా తల్లిదండ్రులు నిలబడే చోట.

"పుస్తకం చూపిస్తావా?"

బీరువా తీసి ఇచ్చాను, పేజీ తెరిచే ఇచ్చాను. చుట్టూ చూసింది. నా దగ్గర రెండో కుర్చీ లేదు. వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. పొట్టి పిల్లల కోసం చేసిన బెంచీ, మోకాళ్ళు పైకి లేచాయి. చాలాసేపు చూసింది, వేలు పెట్టి మరీ.

"డెజరే కోల్బర్ట్. పదీ ఇరవై. పొగరు," అని చదివింది. "ఇది నీ రాత."

"నాదే."

"ఎంత పొందిగ్గా రాశావే." ఎగతాళిగా అనలేదు. ఆమెకి ఇంకేం అనాలో తెలీక అంది. "నాకు గుర్తులేదే, ఎర్నీ. మొన్నటి నుంచీ వెతుకుతున్నాను. ఆ పిల్ల జడలు గుర్తున్నాయి. చివర్న పసుపు పూసలు. ఎక్కాల్లో ఫస్టు. అన్నీ గుర్తున్నాయి. ఇదొక్కటే లేదు."

"తెలుసు."

"నాకెందుకు చెప్పలేదే అప్పుడే? నేనంత మాట వినని మనిషినా?"

"నాకు భయం, విన్నీ. మొదట ఉద్యోగం పోతుందని. తర్వాత నువ్వు నన్నొదిలి పోతావని."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆ కాగితం జతచేసే రూలు నిజమేనా అని అడిగింది. సాయంత్రం ఐదు దాకా టైముందని చెప్పాను. "తెల్లకాగితం ఇవ్వు," అంది. పెన్నూ కాగితమూ ఇచ్చాను. ఒళ్ళో అట్ట పెట్టుకుని, పైన కుడివైపు తారీఖు వేసింది, మధ్యలో తన పేరు రాసింది, పిల్లలకి నేర్పే పద్ధతిలోనే. ఆగిపోయింది. నేను టైపు చేస్తున్నట్టు నటించాను. ఫోన్ రెండుసార్లు మోగింది, ఎత్తలేదు. మధ్యాహ్నం భోజనాల విరామం మొత్తం, నలభై నిమిషాలు, ఆమె ఆ బెంచీ మీద కూర్చుంది. బెల్లు కొట్టింది. లేచి వచ్చి కాగితం కిటికీలోంచి నాకిచ్చింది. తారీఖు, పేరు తప్ప ఏమీ లేదు.

"ఇందులో ఏమీ లేదు కదే," అన్నాను.

"నాకు ఇంతవరకే వచ్చింది. జరగలేదని ఎలా రాయను, నీ రాత కళ్ళ ముందుంది. జరిగిందని ఎలా రాయను, గుర్తులేదు. గుర్తులేదని రాస్తే తప్పించుకున్నట్టుంటుంది." కాగితం ఇంకాస్త నా వైపు జరిపింది. "పెట్టు. చేతికిచ్చింది ఏదైనా పెట్టాలి కదా రూలు?"

"పెట్టాలి."

"పెట్టు మరి," అని క్లాసుకి వెళ్ళిపోయింది. శుక్రవారం పియెరోగీల డబ్బా వస్తుందో రాదో నాకు తెలీదు, అడగలేదు.

ముద్ర గుద్దాను. మొదటి పేజీ నాది, రెండో పేజీ ఆమెది. ఐదింటికి వెబ్‌సైటులో పెట్టేశాను.

ఇల్లు చేరి బూట్లు విప్పుతుండగా డెజరే ఫోన్ చేసింది. చూస్తూనే ఉందన్నమాట.

"అమ్మా, మొదటి పేజీ చదివాను."

"ఊఁ."

"ఆ మాట నువ్వే కొట్టేశావా? పైన నువ్వే రాశావా?"

"నేనే తల్లీ."

ముక్కు ఎగబీల్చిన చప్పుడు. తేరుకుని అడిగింది.

"మరి రెండో పేజీ ఖాళీగా ఉందేంటి? పొరపాటున పెట్టావా?"

"ఖాళీ కాదమ్మా," అన్నాను. "పైన పేరుంది చూడు."